పెద్దావిడ ఇచ్చిన సంచీ

కామాటిపుర, పదకొండో గల్లీ
9 జూన్ 2024

బిడ్డా దర్శనా,

తిన్నావా? ఈ ఉత్తరం నీకు ఏ పూట అందుతుందో తెలియదు గానీ, ఏ పూటైనా నేను ముందు అడిగేది అదే.

ఫోన్ ఉండగా ఉత్తరమేంటని విసుక్కోకు. మన ఖోలీలో, ఈ ఒక్క గదిలో, ఫోన్ మాట్లాడితే గ్యాలరీలో బట్టలు ఆరేసుకునే వాళ్లందరూ విన్నట్టే. మీ పెద్దనాయనకు చెవులు పోయినప్పటి నుంచి గట్టిగా మాట్లాడీ మాట్లాడీ నాకు గొంతు తగ్గించడం చేతకావడం లేదు. గుట్టుగా చెప్పాల్సింది రాయడమే మేలు. మనిద్దరం ఒకే మునిసిపల్ బడిలో తెలుగు నేర్చుకున్నాం, అది ఊరికే పోకూడదు కదా.

వానలు మొదలయ్యాయి. మెట్ల దగ్గర మళ్లీ కారుతోంది. చాళ్ పడగొట్టి పెద్ద బిల్డింగ్ కడతారని ఈ ఏడు కూడా అంటున్నారు. ఎలాగూ పడగొట్టేదే కదా అని ఎవరూ బాగుచేయించరు. ఆ నీళ్లలోనే కాళ్లు పెట్టి తిరుగుతున్నాం.

విషయానికి వస్తాను. వాల్కేశ్వర్‌లో నేను చూసుకునే పెద్దావిడ కుసుమ్‌బెన్‌కు పక్షవాతం వచ్చాక మాట ముద్దగా వస్తోందని చెప్పాను కదా. ఇంట్లో కొడుక్కీ కోడలికీ కూడా ఆమె మాట సరిగా తెలియదు. రోజంతా దగ్గరుంటాను కాబట్టి నాకు తెలుస్తుంది. ఈమధ్య ఒకరోజు నా ప్లాస్టిక్ సంచీ తెగి డబ్బా కింద పడింది. పప్పంతా నేలపాలు. ఆమె చూసి, అల్మారీ వైపు చెయ్యి చూపించి, లోపలున్న తోలు సంచీ తీసుకోమన్నారు. "డబ్బా పెట్టుకో" అన్నారు. అంతే, ఇంకేం అనలేదు.

కొన్నాళ్లు అందులోనే డబ్బా, గొడుగు పెట్టుకుని బస్సులో తిరిగాను. పక్క ఖోలీ మనాలి, అదే పార్లర్‌లో పని చేసే పిల్ల, దాన్ని చూసి నోరు తెరిచింది. "మౌషీ, గిది ఏం బ్యాగో ఎరుకేనా నీకు? బయట దేశంది. గిసొంటిది సినిమావాళ్లు పట్టుకుంటరు. నువ్వు దీంట్ల పప్పు డబ్బా పెడుతున్నవా!" అంది. అప్పటి నుంచి నాకు దాన్ని ముట్టుకోవాలంటేనే భయం. పాత చీరలో చుట్టి పెట్టాను.

మనాలి ఫోన్‌లో ఒక సైట్ చూపించింది. థైలీమహల్ అట. ఇలాంటి బ్యాగులు పెళ్లిళ్లకూ పార్టీలకూ అద్దెకిస్తారట, అమ్మిపెడతారట కూడా. అమ్మితే మీ పెద్దనాయనకు చెవి మిషను వస్తుందని నా ఆశ. మనుషుల మధ్య కూర్చుని కూడా ఆయన ఒక్కడే ఉన్నట్టు ఉంటాడు. చూడలేకపోతున్నాను.

ఏ సైట్ మంచిదో ఏది మోసమో చెప్పడమే నీ ఉద్యోగం కదా. చూసి చెప్పు. ఇంకో మాట. నా పేరు లేకుండా నీ పేరు మీద పెట్టడం కుదురుతుందా? కామాటిపుర అని కూడా వద్దు, గ్రాంట్ రోడ్ అని రాయి. మీ పెద్దనాయనకు ఇంకా చెప్పలేదు.

జ్వరం గిరం రాకుండా చూసుకో.
నీ పెద్దమ్మ
ముత్తమ్మ


పుణె
20 జూన్ 2024

పెద్దమ్మా,

తిన్నాను. మా పీజీలో రొట్టెలు అట్టముక్కల్లా ఉంటాయి, అయినా తిన్నాను.

నువ్వు ఆఫీసు అడ్రసుకు రాశావు. ఉత్తరం నా బల్ల దగ్గరికి వచ్చేలోపు పది చేతులు మారింది. "ఇంకా ఉత్తరాలు రాసేవాళ్లున్నారా?" అని మా పక్క బల్ల తుషార్ నవ్వాడు. కవరు వెనక కామాటిపుర అని ఉంది. ఎవరైనా చదివారేమోనని గబుక్కున సొరుగులో పెట్టేశాను. ఇకమీదట పీజీ అడ్రసుకే రాయి. ఇక్కడ అందరికీ మా ఇల్లు ముంబై సెంట్రల్ అని చెప్పాను. పక్కనే కదా, పెద్ద అబద్ధమేం కాదు.

థైలీమహల్‌ను చూశాను. మేం సైట్‌ను ఎలా తూస్తామో చెప్తాను, నీకు సులువుగానే అర్థమవుతుంది. గల్లీలో కొత్త కిరాణా కొట్టు పెడితే నువ్వెలా చూస్తావు? ఎన్నాళ్ల నుంచి ఉంది, నడిపేదెవరు, సరుకు బాగా లేదంటే వెనక్కి తీసుకుంటాడా, మెచ్చుకునేవాళ్లు నిజంగా కొన్నవాళ్లా లేక వాడి చుట్టాలా? మేమూ అదే చూస్తాం. చెప్పిన అడ్రసులో ఆఫీసు ఉందో లేదో, ఫోన్ చేస్తే మనిషి పలుకుతాడో లేదో, బ్యాగుల ఫోటోలు వాళ్లు తీసినవో వేరే చోట ఎత్తుకొచ్చినవో. అన్నిటికంటే ముందు, యజమాని పేరు చెప్పుకుంటున్నాడా దాచుకుంటున్నాడా అని. పేరు దాచుకునేవాళ్ల దగ్గర మేం ఆగిపోతాం.

థైలీమహల్ వాళ్లు ఏదీ దాచలేదు. అయినా నీ వస్తువు కాబట్టి ఇంకొక అడుగు వేశాను. ఒక చిన్న నల్ల బ్యాగు అద్దెకు తెప్పించుకున్నాను. ఇలాంటి చోట డిపాజిట్ ముందే కట్టించుకుంటారు. మోసగాళ్లు దొరికేది అక్కడే. ఏదో గీత పడిందని వంక పెట్టి తిరిగివ్వరు. వీళ్లు ఇచ్చారు. నేను లోపల మర్చిపోయిన దువ్వెన కూడా కొరియర్‌లో పంపారు.

ఒక సంగతి నీకే చెప్తాను. ఆ బ్యాగు వేసుకుని ఆఫీసుకు వెళ్లిన రోజు మా మేనేజర్ నా కోసం లిఫ్ట్ ఆపింది. ఎప్పుడూ ఆపదు. నాకు ఆపుకోలేనంత నవ్వొచ్చింది. సాయంత్రం దాన్ని అట్టపెట్టెలో పెట్టి తిరిగి పంపేటప్పుడు, పొద్దున నవ్వినందుకు సిగ్గేసింది.

మొత్తం మీద ఆ సైట్‌కు నూటికి ఎనభై రెండు ఇచ్చాను. మా లెక్కలో అది మంచి మార్కే. నమ్మొచ్చు.

కానీ పెద్దమ్మా, వాళ్లు కూడా అడుగుతారు, ఈ బ్యాగు మీకెలా వచ్చిందని. బిల్లు ఉందా? పెద్దావిడ ఇచ్చినట్టు ఒక ముక్క ఏమైనా ఉందా? నా పేరు మీద పెట్టడం కుదరదు.

పెద్దనాయనను అడిగానని చెప్పు.
దర్శన


కామాటిపుర
29 జూన్ 2024

దర్శూ,

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. కిరాణా కొట్టు లెక్క బాగా చెప్పావు. బ్యాగు అద్దెకు తెచ్చి మరీ చూశావంటే నా మీద ఎంత ప్రేమో అనుకున్నాను.

బిల్లు ఎక్కడిది బిడ్డా? డబ్బా పెట్టుకోమని ఇచ్చిన సంచీకి ఎవరైనా కాగితం రాసిస్తారా? ఆమె చెయ్యి పెన్ను పట్టుకునే స్థితిలోనూ లేదు.

ఆ ఇంట్లో మాత్రం ఎవరినీ ఏమీ అడగొద్దు. ఆమె మనసు పెట్టి ఇచ్చారు. దాన్ని నేను బజారుకు పెట్టానని తెలిస్తే ఆమెకు ఎలా ఉంటుంది? రోజూ ఆమె ముఖం చూడాల్సినదాన్ని. అమ్ముతున్నందుకు నాకే లోపల ఏదోలా ఉంది.

నీ పేరు కుదరదంటే పోనీలే. మనాలి నా పేరు మీదే ఫారం నింపింది. బ్యాగు తీసుకెళ్లే అబ్బాయి గల్లీ పేరు విని ఇంటికి రానన్నాడు, నాగ్‌పాడా చౌరస్తా దగ్గరికి తెమ్మన్నాడు. పక్క గల్లీల్లో ఒళ్లు అమ్ముకునే ఇళ్లున్నందుకు మన గుమ్మాలు ఎప్పుడూ జవాబు చెప్పాలి. మా తాత ఈ ఊళ్లో రాళ్లెత్తి ఎన్ని మేడలు కట్టాడో! పేరు మాత్రం మనకు ఇది మిగిలింది. చౌరస్తాలో నిలబడి ఇచ్చి వచ్చాను. చీటీ ఇచ్చాడు. తోలు, కుట్లు, లోపలి నంబరు అన్నీ చూసి అసలుదో కాదో చెప్తారట.

బీరకాయ పచ్చడి చేశాను. నువ్వుంటే బాగుండును.
పెద్దమ్మ


కామాటిపుర
13 జూలై 2024

దర్శనా,

నాలుగైదు సార్లు ఫోన్ చేశాను. నువ్వు ఎత్తలేదు. ఆఫీసులో పని ఎక్కువేమో.

నన్ను పనిలోంచి తీసేశారు.

సోమవారం ఎప్పట్లాగే వెళ్లాను. పెద్దావిడకు స్నానం చేయించి, జుట్టు తుడుస్తున్నాను. కోడలు హేతల్ లోపలికి వచ్చి అల్మారీ తలుపు తీసింది. "ఇక్కడ అత్తగారి గోధుమరంగు బ్యాగు ఉండాలి. ఏది?" అని అడిగింది. నేను దాచలేదు. ఆమె ఇచ్చారని, అమ్మడానికి పంపానని చెప్పాను. "ఇచ్చిందా? మామగారు తెచ్చిచ్చిన బ్యాగు నీకిచ్చిందా? డబ్బా పెట్టుకోవడానికా?" అంది. వంటమనిషి తలుపు చాటున నిలబడి వింటోంది.

పెద్దావిడ మంచం మీంచి ఏదో చెప్పబోయారు. ఆవేశపడితే ఆమె మాట ఇంకా ముద్దయిపోతుంది. నాకు అర్థమైంది, నేనే ఇచ్చానంటున్నారు. నేను చెప్పాను. కోడలు నా వైపు చూసి, "ఆమె ఏమంటుందో నువ్వు చెప్తే నేను నమ్మాలా?" అంది.



జుట్టు తడిగానే ఉంది. తువ్వాలు ఆమె ఒళ్లో పెట్టి వచ్చేశాను.

ఇంతకాలం ఎవరూ ఆ బ్యాగు ఊసెత్తలేదు. సైట్‌కు పంపిన వారానికే కోడలికి ఎలా తెలిసింది? నాకు ఒకటే అనుమానం. ఆ థైలీమహల్ వాళ్లే ఫోన్ చేసి చెప్పి ఉంటారు. నువ్వు మంచిదన్నావు కదా, వాళ్లు ఇలా చేస్తారా? కనుక్కో.

మీ పెద్దనాయన నా ముఖం చూసి, "ఏమైంది? ఒంట్ల బాగలేదా?" అన్నాడు. సెలవని చెప్పాను.
పెద్దమ్మ


పుణె
23 జూలై 2024

పెద్దమ్మా,

నీ ఉత్తరం చేరింది. ఫోన్ ఎత్తనందుకు ఏమీ అనుకోవద్దు. ఇక్కడ పని ఊపిరి ఆడనివ్వడం లేదు.

థైలీమహల్ వాళ్లు చెప్పి ఉండరు. అమ్మేవాళ్ల వివరాలు బయటికి ఇవ్వరని వాళ్ల నిబంధనల్లో ఉంది, నేను చదివాను. నువ్వు మనాలితో గానీ ఇంకెవరితో గానీ వాళ్లు మోసగాళ్లని అనొద్దు. కోడలికి ఎలాగో తెలిసి ఉంటుంది. అల్మారీ ఆమె ఇంట్లోదే కదా.

ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోవద్దు. నాకు మాత్రం నిజం చెప్పు. పెద్దావిడ నిజంగా ఇచ్చిందా? లేక ఆమె ఏదో అంటే, తీసుకోమన్నట్టు నీకు అనిపించిందా? ఏదైనా నేను నీ పక్షమే. బ్యాగు వెనక్కి తెప్పించి ఇచ్చేస్తే గొడవ ఉండదు. వాళ్లు పెద్దవాళ్లు, మనం కామాటిపుర వాళ్లం. పోలీసుల దాకా వెళ్తే మన మాట ఎవరు వింటారు?

దర్శన


కామాటిపుర
4 ఆగస్టు 2024

దర్శనకు,

నిజం మొదటి ఉత్తరంలోనే రాశాను. ఇంకో నిజం నా దగ్గర లేదు.

సైట్ వాళ్లను ఏమీ అనొద్దన్నావు. సరే, అనను. వాళ్ల మీద ఉన్న నమ్మకంలో కాస్త నా మీద ఉంటే బాగుండేది.

థైలీమహల్ నుంచి జవాబు వచ్చింది. బ్యాగు అసలుది కాదట. నకిలీ. కుట్టు తేడా అట, లోపలి నంబరు తప్పట. వాళ్ల ఖర్చుతోనే తిరిగి పంపారు. నేను తీసుకెళ్లి కోడలి చేతికిచ్చాను. ఇచ్చేస్తే గొడవ ఉండదన్నావు కదా. ఆ కాగితం చదివి ఆమె, "అసలుది అమ్ముకుని నకిలీ తెచ్చి నా ముఖాన కొడతావా?" అంది. ముందు దొంగను. ఇప్పుడు దొంగతనంతో పాటు మోసం కూడా.

పోలీస్ చౌకీకి పిలిపించారు. మధ్యాహ్నం నుంచి దీపాలు పెట్టేవేళ దాకా బల్ల మీద కూర్చున్నాను. హవల్దారు చెడ్డవాడు కాదు. "మావశీ, చాయ్ తాగుతావా?" అని మరాఠీలో అడిగాడు. ఆ మంచితనానికే ఏడుపొచ్చింది. రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వడానికి కొడుకు ఇంకా ఒప్పుకోలేదట. అందుకని వదిలేశారు. మనాలి వచ్చి తీసుకొచ్చింది. దారి పొడుగునా, "నేను గా బ్యాగు సంగతి ఎత్తకపోతే మంచిగుండు మౌషీ" అని ఒకటే ఏడుపు.

గ్యాలరీలో అందరికీ తెలిసిపోయింది. ఎదురు ఖోలీ మంగళ తన చిన్నదాన్ని నా దగ్గర వదిలి పనికి పోయేది. ఇప్పుడు కింది అంతస్తులో వదులుతోంది. నన్ను చూసి, "పిల్ల అల్లరి ఎక్కువ చేస్తుందక్కా, నిన్ను సతాయించుడెందుకని" అంది. ఆ పిల్ల నా చీర కొంగు పట్టుకుని వదలలేదు. మంగళే ఒక్కో వేలూ విడదీసింది.

మీ పెద్దనాయనకు ఎవరి మాటలూ వినిపించవు. ముఖాలు మాత్రం చదువుతాడు. ఆ రాత్రి పక్క మీద కూర్చుని అడిగాడు. ఆయనకు గుట్టుగా చెప్పే వీలు లేదు కదా. పలక మీద రాసి చూపించాను. చదివి, కొంగుతో తుడిచేయమన్నాడు. "నువ్వు తియ్యలేదు. గంతే" అన్నాడు.


ముత్తమ్మ


కామాటిపుర
19 ఆగస్టు 2024

దర్శనా,

నీ దగ్గర నుంచి జవాబు లేదు. అయినా రాస్తున్నాను, ఇది నీకు తెలియాలి.

గురువారం పెద్దావిడ కొడుకు తనే ఫోన్ చేశాడు. వాళ్లమ్మ అన్నం ముట్టడం లేదట. కొత్త ఆయాను దగ్గరికి రానివ్వడం లేదట. "ఏదో చెప్పాలని చూస్తోంది, మాకు అర్థం కావడం లేదు. ఒక్కసారి రా" అన్నాడు. మీ పెద్దనాయన వద్దన్నాడు. నేను వెళ్లాను. ఆమె ఏం తింటుందో ఎలా తింటుందో నాకు తెలుసు. ఆకలితో ఉందంటే ఇంట్లో ఎలా కూర్చోను?

ఆమె సగమైపోయారు. నన్ను చూడగానే మంచి చేత్తో నా మణికట్టు పట్టుకున్నారు. కొడుకు, కోడలు ఇద్దరూ అక్కడే ఉన్నారు. ఆమె మెల్లగా, ఆగి ఆగి చెప్పారు. నాకు ప్రతి మాటా అర్థమైంది. 

"ఏమంటోంది?" అంది కోడలు.

నేను తల అడ్డంగా ఊపాను. అది నలుగురి ముందు చెప్పే మాట కాదు. పెద్దావిడ నా చెయ్యి గట్టిగా లాగారు. "చెప్పు" అన్నారు. ఆ ఒక్క మాట అందరికీ అర్థమైంది.

"అసలు బ్యాగు నేనే ఎప్పుడో అమ్మేశాను, ముత్తమ్మకు ఇచ్చింది నకిలీది అంటున్నారు" అన్నాను.

కోడలు నవ్వింది. "బాగుంది. నీకు కావలసిన మాటే ఆమె నోట్లోంచి వస్తోంది!"

ఆమెను తప్పు పట్టలేను. నేను దొంగను కాదని నా నోటితోనే చెప్పుకుంటున్నట్టుంది అది. ఎవరు నమ్ముతారు? నేను చెయ్యి విడిపించుకుని వెళ్లిపోదామనుకున్నాను. అప్పుడు కొడుకు కింద కూర్చున్నాడు. తల్లి చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. "అమ్మా, నేనడుగుతాను. అవునైతే నొక్కు, కాకపోతే వదిలెయ్. నువ్వు ముత్తమ్మకు ఇచ్చావా?"

నొక్కారు. అతని వేళ్లు తెల్లబడటం నేను చూశాను.

"ముత్తమ్మ మార్చేసిందా?"

చెయ్యి వదిలేసి ముఖం గోడవైపు తిప్పుకున్నారు.

"అసలుది నువ్వే అమ్మావా?"

మళ్లీ అతని చెయ్యి వెతుక్కుని పట్టుకున్నారు. కళ్లలోంచి నీళ్లు కారి చెవుల్లోకి పోతున్నాయి.

"ఎందుకమ్మా?" అన్నాడు. దానికి నొక్కితే సరిపోదు కదా. నేనే చెప్పాల్సి వచ్చింది. ఆ కొడుకు దుకాణం మూతపడిన సంవత్సరం, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా రోజూ పొద్దున దుకాణానికి వెళ్తున్నట్టే బయల్దేరేవాడట. ఆమెకు తెలిసింది. అడిగితే అతను తల ఎత్తుకోలేడని అడగలేదు. భర్త తెచ్చిచ్చిన బ్యాగు అమ్మి వంటిల్లు నడిపారు. పెళ్లిళ్లలో నలుగురూ గమనిస్తారని అలాంటిదే నకిలీ కొనుక్కుని పట్టుకున్నారు. ఇంతకాలం.

నేను ఒక్కో మాటా హిందీలోకి మార్చి చెప్తున్నాను. కొడుకు తల ఆమె మోకాళ్ల మీద వాలిపోయింది. కోడలు కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది. తప్పు నాది కాదని తేలుతున్న గదిలో నాకు కూడా తల ఎత్తబుద్ధి కాలేదు. ఒక ఇంటి గుట్టు నా నోటితో బయటపడుతోంది.

చివరికి పెద్దావిడ నాతో ఒక మాటన్నారు. అది వాళ్లకు చెప్పలేదు, నీకు చెప్తున్నాను. "నకిలీదని నీకు చెప్పడానికి సిగ్గేసింది. నేను సిగ్గుపడ్డందుకు నువ్వు చౌకీలో కూర్చున్నావు."

తర్వాత అన్నం తినిపించాను. తిన్నారు.

వంటింట్లో చేతులు కడుక్కుంటుంటే కోడలు వచ్చింది. సోమవారం నుంచి పనికి రమ్మంది. ఇంకో మాట కూడా చెప్పింది. అది ఈ ఉత్తరంలో రాయను. నువ్వు రాయి.

ముత్తమ్మ


పుణె
26 ఆగస్టు 2024

పెద్దమ్మా,

నేనే.

హేతల్ గారికి ఫోన్ చేసింది నేనే. నువ్వు పనిలో చేరినప్పుడు నీ ఆధార్ కాగితం ఆమెకు పంపింది నేనే కదా, నంబరు నా దగ్గర ఉంది. "మీ ఇంట్లో ఏదైనా బ్యాగు కనిపించకుండా పోయిందా?" అని అడిగాను. నా పేరు చెప్పలేదు, ఆమె గుర్తుపట్టింది. "ముత్తమ్మ మేనకోడలివి కదూ?" అంది. కాదు, కూతుర్ని అని అనాల్సింది. అమ్మ పోయాక నన్ను పెంచింది నువ్వు. ఆ మాట కూడా అనలేదు. ఫోన్ పెట్టేశాను.

ఎందుకు చేశానో రాయడానికి కూర్చుంటే ప్రతి కారణమూ రాస్తుండగానే వెలవెలబోతోంది. నీ పేరు వద్దన్నావు. అడ్రసు వద్దన్నావు. పెద్దనాయనకు చెప్పలేదన్నావు. ఆ ఇంట్లో ఎవరినీ అడగొద్దన్నావు. అవన్నీ నువ్వెందుకు అన్నావో పక్కనే రాశావు. నేను కారణాలు వదిలేసి, పేరు దాచుకోవడం ఒక్కటే చూశాను. రోజూ ఆఫీసులో చేసేది అదే కదా అనుకున్నాను. బ్యాగు దొంగదని తేలితే నిన్ను జైల్లో పెడతారు, ముందే తెలిస్తే మెల్లగా తిరిగి ఇచ్చేయొచ్చు, అని కూడా అనుకున్నాను. నీ మంచికే అనుకున్నాను.

అది కూడా పూర్తి నిజం కాదు. కామాటిపుర మనిషి చేతిలో అంత ఖరీదైన వస్తువు ఉంటే అది తీసిందే అయి ఉంటుందని నాకే అనిపించింది. బయటివాళ్లు మన గురించి అలా అనుకుంటారని చిన్నప్పటి నుంచి భయపడ్డాను. చివరికి వాళ్లెవరూ అనకముందే నేనే అన్నాను. నిన్ను.

నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా చేతిలో పట్టుకుని, మోగి మోగి ఆగిపోయేదాకా చూశాను. చౌకీలో కూర్చున్నావని చదివిన రోజు ముంబై బస్సెక్కాను. లోనావ్లాలో దిగి వెనక్కి వచ్చేశాను. నీ ముందు ఏ ముఖంతో నిలబడాలో తెలియలేదు.

మంగళక్క పిల్ల వేళ్లు విడదీయడం నాకు కళ్లకు కట్టినట్టుంది. ఆ వేళ్లు విడదీసింది నేను.

క్షమించమని అడిగే హక్కు లేదు. అయినా అడుగుతున్నాను.
దర్శన


కామాటిపుర, పదకొండో గల్లీ
10 సెప్టెంబర్ 2024

దర్శనా,

రాశావు. మంచిది.

కోడలు వంటింట్లో అన్నది అదే. "నన్నొక్కదాన్నే అనకు. మీ ఇంటి పిల్లే ఫోన్ చేసి అడిగితే నేనేమనుకోవాలి?" అంది.  చౌకీలో బల్ల మీద కూర్చున్నప్పుడు కూడా అంత నొప్పి కలగలేదు.

నాలుగు రోజులు నీ మీద కోపంతో ఎవరితోనూ మాట్లాడలేదు. కోపంలో నిన్నొక మాట అడగాలనుకున్నాను, అది రాసేస్తాను, మనసులో ఉంచుకుంటే కుళ్లిపోతుంది. ఆ సైట్‌ను చూడటానికి బ్యాగు అద్దెకు తెప్పించావు. భుజాన మోశావు. తిరిగిచ్చి, వాళ్లు మాట నిలబెట్టుకుంటారో లేదో చూశావు. అప్పుడు నూటికి ఎనభై రెండు ఇచ్చావు. నువ్వు పుట్టిన దగ్గర నుంచి నేను నీకు తెలుసు. నాకు ఎన్ని ఇచ్చావు బిడ్డా?

నీ ఉత్తరం మీ పెద్దనాయనకు చదవమని ఇచ్చాను. కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. చదివి, "పిల్ల భయపడ్డది. గా భయం మనింట్లనే నేర్సుకున్నది" అన్నాడు. నాకు ముందు మండింది. తర్వాత ఆలోచించాను. గ్రాంట్ రోడ్ అని రాయమన్నది నేనే. నీ బడి ఫారంలో కూడా గల్లీ పేరు రాయకుండా పక్క రోడ్డు పేరు రాయించింది నేనే. మన పేరు చెప్పుకోవడం తప్పన్నట్టు నిన్ను పెంచాను. దానికి నా వంతు సిగ్గు నేను పడతాను. నీ వంతు నీదే.

కోడలు రమ్మన్న సోమవారం నుంచే పనికి వెళ్తున్నాను. కోడలు తప్పయిందని అనలేదు. నేను అడగలేదు. పెద్దావిడ మాత్రం నేను గదిలోకి రాగానే ముఖం తిప్పుకునేవారు. మూడో రోజు నేనే దువ్వెన పట్టుకుని, "మీ జుట్టు ఆ ఆయా ఎట్లా చిక్కు పెట్టిందో చూడండి" అని తిట్టాను. అప్పుడు నవ్వారు.

గ్యాలరీలో ఇంకా ఎవరికీ ఏమీ తెలియదు. పని మళ్లీ ఇచ్చారంటే కాళ్లు పట్టుకుని ఉంటాననుకుంటున్నారు. పెద్దావిడ గుట్టు చెప్పకుండా నేను దొంగను కాదని ఎలా చెప్పను? ఆ ఇంటి మాట ఈ ఇంట్లో పెట్టను. కానీ నీ మాట నువ్వు చెప్పొచ్చు. దసరాకు రా. పొద్దున నీళ్లొచ్చే వేళ అందరూ గ్యాలరీలోనే ఉంటారు. మంగళ ముందు నిలబడి, "పెద్దమ్మ తియ్యలేదు, నేనే అనుమానపడి ఫోన్ చేసిన" అని చెప్పు. అంతే చాలు. నేను నీ పక్కన నిలబడను, లోపల ఉంటాను. నిన్ను ఆ స్థితిలో చూడటం నా వల్ల కాదు.

క్షమించమన్నావు. మనసులో వెతికాను. ఇవాళ లేదు. ఉన్నట్టు రాస్తే అది నకిలీ అవుతుంది. వచ్చే నెలకు ఉంటుందేమో, ఇంకా ఆలస్యమవుతుందేమో, నాకు తెలియదు. అది వచ్చేదాకా నువ్వు ఇంటికి రాకుండా ఉండొద్దు.

వస్తే ఎప్పట్లాగే నా పక్కనే పడుకుంటావు. మన అల్మారీ తాళంచెవి తలుపు వెనక మేకుకు వేలాడుతూ ఉంటుంది. నువ్వు వచ్చావని తీసి దాచను. పడుకున్నప్పుడు సరిగ్గా నీ కళ్లకు ఎదురుగా ఉంటుంది. నీకు నిద్ర పట్టదు.

పట్టకపోనీ. నేను నీ పక్కనే ఉంటాను.

నీ పెద్దమ్మ
ముత్తమ్మ